మూడు కూతల నీళ్ళు

నేను మూడు లీటర్ల అల్యూమినియం కుక్కర్‌ని. నా పుట్టింటి పేరు ఒకప్పుడు మూతమీద అచ్చుగుద్ది ఉండేది. ముప్ఫై ఒక్క ఏళ్ళు కొబ్బరిపీచుతో తోమించుకున్నాక అందులో ఒక సున్నా, ఒక కొమ్ము మాత్రం మిగిలాయి. పెళ్ళయిన ఆడపిల్లకి ఇంటిపేరు మారినట్టు నాకూ మారింది. నన్నందరూ వర్ధనమ్మగారి కుక్కరంటారు.

మొదట నేనొక గుండ్రటి రేకుబిళ్ళని. యంత్రం ఒక్క గుద్దు గుద్దితే గిన్నెనయ్యాను. తర్వాత చెవులు తగిలించారు, మెరుగు పెట్టారు. ఆఖరున నాలో నీళ్ళు నింపి, ఊపిరాడనంత ఒత్తిడి పెట్టి, ఎక్కడా పగలనని నమ్మకం కుదిరాకే అట్టపెట్టెలో పెట్టారు. ఇలాంటి పరీక్ష మనుషులకీ పెళ్ళికి ముందు ఒకటి ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

బెజవాడ బీసెంట్ రోడ్డులో ఒక స్టీలు సామాన్ల కొట్లో వర్ధనమ్మగారు రెండు సొట్ట గిన్నెలూ, మూత పోయిన ఇడ్లీ పాత్రా ఇచ్చి నన్ను తీసుకున్నారు. అప్పటికి ఆవిడ భర్త ఉన్నారు. లెక్కల మాస్టారు. నేను మొదటి కూత వేసినప్పుడు ఆయన చెప్పులు తొడుక్కుని వీధిలో నిలబడి ఉన్నారు. "పేలితే ఇద్దరిలో ఒకరమైనా మిగలాలి కదే!" అని ఆయన వాదన. వర్ధనమ్మగారు మాత్రం నా పక్కనే నిలబడి, కొంగు నడుముకి దోపుకుని, పంతులమ్మలా వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టారు. మూడు కూతలు. కందిపప్పుకి మూడంటే మూడు. మూత తీస్తే బద్ద కనపడకూడదు, అలాగని జావ కాకూడదు. ఎప్పుడైనా నాలుగో కూత వచ్చిందంటే అది నా పొగరన్నట్టు చూసేవారు.

సత్యనారాయణపురంలో వాళ్ళది అద్దె వాటా. కుళాయిలో కృష్ణ నీళ్ళు. పప్పు ఉడకడం కూడా ఒక విశేషమేనని అక్కడ ఎవరికీ తెలియదు. ఆ వాటాలోకే ఇరవై రెండేళ్ళ క్రితం హైమ కోడలిగా వచ్చింది. కెమిస్ట్రీ చదువుకున్న పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ. వర్ధనమ్మగారు ఆమెకి వంటిల్లంతా అప్పగించారు, నన్ను తప్ప. కూరలు హైమవి, పచ్చళ్ళు చెరిసగం, పప్పు అత్తగారిది. ఈ ఒప్పందం పదకొండేళ్ళు నడిచింది. ఆవిడ మోకాళ్ళు మొరాయించాక ఒక ఉదయం నన్ను రెండు చేతులతో ఎత్తి హైమ చేతిలో పెట్టారు. "దీనికి నీళ్ళు ఎక్కువైతే అలుగుతుంది, తక్కువైతే అరుస్తుంది. జాగ్రత్త" అన్నారు. నా గురించి అంత బాగా ఎవరూ చెప్పలేదు.

అసలు సంగతి కొత్త ఇంటితో మొదలైంది.

ఊరి చివర కొత్త కాలనీలో ఇల్లు కొందామన్నది హైమ. ఆమె భర్త ఫణీంద్ర సరేనన్నాడు. అతనికి సరేననడం చిన్నప్పటి నుంచీ అలవాటు. తల్లికీ సరే, భార్యకీ సరే, ఇద్దరూ ఎదురెదురు మాటలన్నా ఇద్దరికీ సరే. హైమ పదకొండు ఇళ్ళు చూసింది. గోడలు తట్టింది, అలమరలు తెరిచింది, వంటింటి కిటికీలోంచి పొద్దుటెండ ఎంతసేపు పడుతుందో కనుక్కుంది. కుళాయీ తిప్పి చూసింది. నీళ్ళు తెల్లగా, చల్లగా వచ్చాయి. అందంగా ఉన్నవాళ్ళని మనుషులు ఎక్కువ ప్రశ్నలడగరు.

గృహప్రవేశం మర్నాడు నాలో పప్పు పడింది. మూడు కూతలు వేశాను. హైమ మూత తీసి చూసి మళ్ళీ పెట్టింది. ఆరు వేశాను. తొమ్మిది వేశాను. గొంతు బొంగురుపోయింది గానీ పప్పు మాత్రం కొట్లోంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

వర్ధనమ్మగారు ఒక బద్ద వేళ్ళతో నలపబోయి, నలగక, కళ్ళ దగ్గర పెట్టుకు చూశారు. "ఇది పప్పు కాదే హైమా, పూసలు. దండ గుచ్చుకోవచ్చు."

ముందు నా గ్యాస్కెట్ మార్చారు. తర్వాత వెయిట్ మార్చారు. తర్వాత పప్పు కొట్టు మార్చారు. లోకంలో ఏది చెడినా చివరికి వంటసామాను మీదకి ఎలా వస్తుందో నాకు అప్పుడు అర్థమైంది. ఇంతలో సబ్బు నురగ ఇవ్వడం మానేసింది, కుళాయిలకి తెల్ల గడ్డాలు మొలిచాయి, ఇంట్లో అందరి జుట్టూ నన్ను తోమే పీచులా తయారైంది. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువగా ఉందనీ, అది పప్పు బద్దని గట్టిగా పట్టుకుని ఉడకనివ్వదనీ హైమ చెప్పింది.

"అంటే నువ్వు మెచ్చి కొన్న ఇంట్లో నీళ్ళు లేవు, సున్నముంది. తాంబూలానికి బాగుంటుంది" అన్నారు అత్తగారు.

ఫణీంద్ర నీళ్ళ మీటరొకటి కొన్నాడు. కలంలా జేబులో పెట్టుకునే పుల్ల. దాన్ని నీళ్ళలో ముంచితే అందులో ఎంత ఉప్పూ సున్నమూ కరిగి ఉందో అంకె కనిపిస్తుంది. ఎనిమిది వందల నలభై వచ్చింది. అది మంచిదో చెడ్డదో తేల్చుకోలేక అతను వచ్చినవాళ్ళ మంచినీళ్ళ గ్లాసులోనూ, మజ్జిగలోనూ, ఒకసారి చారులోనూ ముంచాడు. చారులో అంకె చూసి తను తాగడం మానేశాడు గానీ, ఎందుకు మానేశాడో తల్లికి చెప్పే ధైర్యం చేయలేదు.

ఒకనాడు భోజనాల దగ్గర వర్ధనమ్మగారు కంచం జరిపేశారు. "సత్యనారాయణపురం వాటా ఇంకా ఖాళీగానే ఉందట. ఇంటాయనతో మాట్లాడాను. నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వనన్నాడు. ఒరేయ్ ఫణీ, ఈ ఇల్లు ఎవరికైనా అద్దెకిచ్చెయ్. మనం వెళ్ళిపోదాం."

"సరేనమ్మా" అన్నాడు ఫణీంద్ర. హైమ అతని వైపు చూసింది. "అంటే... నెలాఖరులోగా నీళ్ళ సంగతి తేలకపోతే" అని చేర్చాడు.

హైమ పొయ్యి గట్టు తుడిచింది. అప్పటికే తుడిచిన గట్టుని రెండోసారి తుడిచింది. ఇరవై రెండేళ్ళకి తనదనుకున్న కిటికీ, ఆ కిటికీలో ఎండ, మూడు వారాల గడువు. ఆమె చేయి నామీద కాసేపు ఆగింది. బరువు తెలిసింది.

నీళ్ళని మెత్తబరిచే మిషన్లు అమ్మేవాళ్ళు వరసగా రావడం మొదలుపెట్టారు. ప్రతివాడి చేతిలో ఒక సీసా, ఒక సబ్బు. రెండూ కలిపి ఊపి నురగ చూపిస్తారు. హైమ ఊపనిచ్చేది కాదు.

"డెమో వద్దండీ. మీ మిషను ఆరునెలలుగా వాడుతున్న ఇల్లు ఒకటి చెప్పండి. వాళ్ళ కుళాయి నీళ్ళు నేనే వెళ్ళి పట్టుకొస్తాను. మా కుక్కర్లో పప్పు వండి చూస్తాను."

"పప్పు టెస్టా మేడమ్? అలాంటిది మా కంపెనీలో లేదండీ."

"మా ఇంట్లో ఉందండీ."

ఆ సమాధానంతో సగం మంది మళ్ళీ కనపడలేదు. పైపుకి అయస్కాంతం బిగిస్తే చాలు, సున్నం భయపడి పారిపోతుందన్నాయన మాత్రం ధైర్యంగా చిరునామా ఇచ్చాడు. హైమ బస్సెక్కి వెళ్ళి ఆ ఇంటి నీళ్ళు తెచ్చింది. ఒకే పొట్లంలోని పప్పు, ఒకే గ్లాసు కొలత, ఒకే పొయ్యి. ఎనిమిది కూతలు వేశాను. సున్నం నిర్భయంగా కూర్చునే ఉంది. ఇంకొకాయన మిషనుతో పప్పు చక్కగా ఉడికింది, ఫణీంద్ర మీటరు కూడా అరవై చూపించింది. అతను మురిసిపోయాడు. అయితే రెండు బిందెలు పోస్తే ఒక బిందె కాలవపాలట. స్నానాలకీ బట్టలకీ కూడా అలాగేనా అని హైమ అడిగితే ఆయన విషయం మార్చి గవర్నమెంటు గురించి మాట్లాడాడు.

మూడో మనిషి ప్రభుదాసు. చొక్కా జేబు మీద సిరా మరక, మాటలో తొందర లేదు. "అమ్మా, ముందే చెప్తున్నాను. నిలువెత్తు గొట్టంలో చిన్నచిన్న పూసలుంటాయి. నీళ్ళలో సున్నాన్ని అవి పట్టుకుంటాయి. పదిరోజులకి వాటి కడుపు నిండిపోతుంది. అప్పుడు కళ్ళుప్పు నీళ్ళతో కడగాలి. బద్ధకిస్తే పనిచెయ్యదు. తాగడానికి వేరే ఫిల్టరు పెట్టుకోండి. ఇంకొకటి, సార్ మీటర్లో అంకె ఏం మారదు."

"మారదా?" ఫణీంద్ర దాదాపు లేచి నిలబడ్డాడు.

"మారదండీ. సున్నం పోతుంది గానీ దాని చోట్లోకి ఉప్పు వస్తుంది. మీ మీటరుకి రెండూ ఒకటే."

"అంకె మారనిదానికి మిషనెందుకు హైమా?"

"మీటరు అన్నం తినదు కదండీ" అంది హైమ. తన మిషను తక్కువలన్నీ తనే ముందు చెప్పిన మనిషిని ఆమె ఆ మూడు వారాల్లో మొదటిసారి చూసింది. మర్నాడే వెళ్ళి అతని కస్టమరింటి నుంచి రెండు సీసాల నీళ్ళు తెచ్చింది. నెలాఖరుకి ఇంక మూడు రోజులే ఉంది.

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. మూడు దశాబ్దాలు నాలో ఏం పడిందో బయటికి చెప్పని కుక్కర్‌ని. కానీ ఆత్మకథ అన్నాక దాచకూడదంటారు.

హైమ నాలో పప్పు, పసుపు వేసి, ఆ నీళ్ళు పోసింది. మూత పెట్టబోతుంటే వాకిట్లో ప్రభుదాసు గొంతు వినపడింది. ఫలితం చూడటానికి వచ్చాడు. ఆమె అటు వెళ్ళింది. వర్ధనమ్మగారు వంటింట్లోకి వచ్చారు. చింతపండు డబ్బా తెరిచారు. గోలీకాయంత ఉండ తీసి, పప్పు అడుగుకి వేలితో నొక్కారు. డబ్బా మూసి, చేయి కడుక్కుని, వెళ్ళిపోయారు.

పప్పు ఉడక్కముందు పులుపు తగిలితే ఇంక అది మెత్తబడదు. వంటొచ్చిన వాళ్ళెవరికైనా తెలుసు. అందరికన్నా ఆవిడకి తెలుసు.

హైమ వచ్చి మూత బిగించింది. మూడు కూతలు వేశాను. నాలుగు, అయిదు, ఆరు. నేను అరవగలను గానీ చెప్పలేను. మూత తీశారు. పూసలు.

"చూశావా" అన్నాడు ఫణీంద్ర, మీటరు వైపు మెచ్చుకోలుగా చూస్తూ. ప్రభుదాసు గరిటెతో పప్పు కలిపి చూసి, "ఇలా అవకూడదమ్మా. ఆ ఇంట్లో వాళ్ళు రోజూ వండుకుంటున్నారు" అన్నాడు. అతని మొహం చూస్తే నాకే సిగ్గేసింది. వర్ధనమ్మగారు హాల్లో కిటికీ దగ్గర కూర్చుని, "పోనీలే, అందరికీ అన్నీ కలిసిరావు" అన్నారు. గెలిచిన మనిషి గొంతులా లేదు అది.

అందరూ వెళ్ళాక హైమ పారబోసే ముందు ఒక బద్ద నోట్లో వేసుకుంది. ఆగింది. ఇంకొకటి వేసుకుంది. నన్ను వంచి అడుగంతా వేళ్ళతో వెతికింది. నానిన చింతపండు ఈనె ఒకటి దొరికింది. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

దాన్ని పట్టుకెళ్ళి భర్తకి చూపిస్తుందనుకున్నాను. నేనైతే అదే చేసేదాన్ని. నాకు ఆవిరి ఆపుకోవడం చేతకాదు. ఆమె గుమ్మం దాకా వెళ్ళింది కూడా. అక్కడి నుంచి అత్తగారు కనిపిస్తున్నారు. కిటికీ ఊచలు పట్టుకుని వీధిలోకి చూస్తున్నారు. చేతిసంచులతో ఇద్దరాడవాళ్ళు మాట్లాడుకుంటూ వెళ్తున్నారు. వాళ్ళు ఇటు తల తిప్పుతారేమోనని ఈవిడ మొహం కాస్త ముందుకి వంగింది. వాళ్ళు తిప్పలేదు.

సత్యనారాయణపురంలో సాయంత్రం నాలుగయ్యేసరికి ఆవిడ గుమ్మం ముందు నలుగురు చేరేవారు. "ఇవాళ ఏం పప్పు వర్ధనమ్మా?" అనేది మొదటి ప్రశ్న. ఇక్కడికొచ్చి రెండు నెలలైంది. ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. ఆవిడకి పడనివి ఈ కాలనీ నీళ్ళు కావని హైమకి అప్పుడు తెలిసిందనుకుంటాను. ఈనె సింకులో పడేసి కుళాయి తిప్పింది.

మర్నాడు పొద్దున్నే అత్తగారికి కాఫీ ఇస్తూ అంది: "అత్తయ్యా, ఒక సీసా నీళ్ళు మిగిలాయి. నిన్న నా చేతిలో ఏదో తేడా జరిగింది. ఇవాళ మీరే వండండి. మీ చేతి పప్పు కూడా ఉడక్కపోతే ఇంక మాట్లాడను, సామాను సర్దేస్తాను."

వర్ధనమ్మగారు కాఫీ చల్లారబెట్టుకుంటూ కోడలి మొహంలో వెతికారు. అక్కడ ఏమీ దొరకలేదు. "నాదేముందే, నీళ్ళని బట్టి" అన్నారు.

హైమ ఊరుకోలేదు. పక్కింటి నాగజ్యోతినీ, ఎదురింటి షకీరానీ, ఆ వరసలో ఇంకో ఇద్దరినీ నాలుగింటికి పిలిచింది. అందరిదీ ఇదే బాధ. నాగజ్యోతి వంటసోడా వేసి పప్పు లొంగదీస్తోంది. షకీరా వంటకి కూడా కొన్న డబ్బా నీళ్ళే వాడుతోంది. "మా అత్తయ్య పప్పు వండుతున్నారు, చూద్దురు గాని రండి" అందిట. వాళ్ళు గిన్నెలు తెచ్చుకుని మరీ వచ్చారు.

వంటింట్లో అంతమందిని చూసి వర్ధనమ్మగారు మొదట కంగారుపడ్డారు. తర్వాత కొంగు నడుముకి దోపారు. ఎన్నేళ్ళయిందో ఆ దోపు చూసి! పప్పు కడిగారు. నీళ్ళు పోశారు. పసుపు వేశారు. "ఉడక్కపోతే నన్ననకండమ్మా, నీళ్ళననండి" అని ముందే చెప్పి, చారుకి కావాలంటూ చింతపండు డబ్బా తెరిచారు.

చింతపండు ఉండ ఆవిడ వేళ్ళ మధ్య నా అంచు దాకా వచ్చింది. హైమ చూసింది. చూసి, కిటికీ వైపు తిరిగి, అక్కడ లేని దుమ్ము దులపడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడు షకీరా అడిగింది: "అమ్మా, మీరు పప్పులో ఇంగువ ముందేస్తారా, పోపులో వేస్తారా? నేనెలా వేసినా మాడిపోతుందమ్మా."

వర్ధనమ్మగారి చేయి గాలిలోనే ఆగింది. ఆవిడ షకీరాని చూశారు. తనవైపే చూస్తున్న మిగతా ముగ్గురినీ చూశారు. ఇంగువ మాడిపోయే కోడళ్ళు! అంత అన్యాయం ఆవిడ జన్మలో సహించలేదు.

"ఇంగువ మరిగే నూనెలో కాదే తల్లీ, పొయ్యి కట్టేశాక వెయ్యాలి. ఆ వేడికే పొంగుతుంది. ఇటు రా, దగ్గరకొచ్చి చూడు" అన్నారు. అంటూనే చింతపండు పక్కనున్న చారుగిన్నెలో పడేసి, నా మూత బిగించారు.

నా జీవితంలో లక్ష కూతలు వేసి ఉంటాను. ఆ మూడూ వేరు. మొదటి కూతకి మాటలాగాయి. రెండోదానికి నాగజ్యోతి వేలు మడిచింది. మూడోదానికి వర్ధనమ్మగారు పొయ్యి ఆపేశారు. "చాలదేమో మామ్మగారూ, ఇంకో రెండు విజిల్స్..." అని ఎవరో అనబోతే, "నోరుముయ్యవే, నా కుక్కరు సంగతి నాకు తెలీదా" అన్నారు.

మూత తీస్తే బద్ద కనపడలేదు. అలాగని జావా కాలేదు.

పోపు పడింది. గిన్నెల్లోకి పప్పు సర్దుకుంది. ఫణీంద్ర మీటరు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "కానీ నీళ్ళ అంకె మాత్రం..." అన్నాడు.

"ఒరేయ్ ఫణీ, ఆ పుల్ల జేబులో పెట్టుకుని కంచం తెచ్చుకో" అన్నారు తల్లి.

వాళ్ళందరూ వెళ్ళేసరికి దీపాల వేళయింది. వెళ్తూ వెళ్తూ నాగజ్యోతి అడిగింది: "రేపేం పప్పు మామ్మగారూ?" వర్ధనమ్మగారు గుమ్మం దాకా వెళ్ళి, "తోటకూర దొరికితే తోటకూర పప్పు" అన్నారు. తర్వాత లోపలికొచ్చి, కోడలి వైపు చూడకుండా, "నీళ్ళు ఫరవాలేదు. ఆ పూసల మిషనేదో పెట్టించు" అని ఫోను తీసుకున్నారు. అవతల సత్యనారాయణపురం ఇంటాయన. "మా కోసం ఆపకండి నాయనా. ఎవరైనా వస్తే ఇచ్చేయండి."

ప్రభుదాసు వచ్చి గొట్టం నిలబెట్టాడు. పదిరోజులకోసారి కళ్ళుప్పు పోసే బాధ్యత వర్ధనమ్మగారు తీసుకున్నారు. అప్పుడప్పుడు పదకొండోరోజుకి జరుగుతుంది. శుక్రవారం ఇంట్లోంచి ఉప్పు బయటికి పోకూడదట. మిషను మేడమీదే కదా ఉంది అని కొడుకు అంటే, "దాని నీళ్ళు కాలవలోకి పోవటంలా?" అన్నారు. కెమిస్ట్రీ చదివిన హైమ కూడా ఉప్పు సంచి శనివారానికే తీసిపెట్టింది.

కాలనీలో ఇప్పుడెవరు నీళ్ళ మిషను కొనాలన్నా ముందు సీసాతో మా ఇంటికొస్తారు. నాలుగింటికి. వర్ధనమ్మగారు కుర్చీలో కూర్చుని కూతలు లెక్కపెట్టి తీర్పు చెబుతారు. ఒక కంపెనీ మనిషి ఆవిడ సంతకం కావాలన్నాడట. "నేను మాస్టారి పెన్షను కాగితం మీద తప్ప ఎక్కడా సంతకం పెట్టను" అన్నారట.

పోయిన నెలలో నా పిడి ఊడింది. రెండుసార్లు బిగించాక మర మొత్తం అరిగిపోయింది. కొత్త స్టీలు కుక్కరు వచ్చింది. దాని గొంతు సన్నం, మర్యాద ఎక్కువ. నన్ను పాత సామాన్లకి వేద్దామని ఫణీంద్ర అంటే అత్తాకోడళ్ళిద్దరూ ఒకేసారి అతనివైపు చూశారు. సరేనన్నాడు.

నన్ను చివరిసారి తోమింది వర్ధనమ్మగారే. హైమ పక్కన నిలబడి పొడిగుడ్డతో తుడుస్తోంది. ఆవిడ నా అడుగుని పీచుతో రుద్దుతూ, రుద్దుతూ, తలెత్తకుండా అడిగారు:

"హైమా, ఆవేళ ప్రభుదాసు నీళ్ళతో మొదటిసారి పప్పు ఎందుకు ఉడకలేదంటావ్?"

హైమ గుడ్డ మడత మార్చింది. "ఏమో అత్తయ్యా. నీళ్ళు కొత్త కదా."

వర్ధనమ్మగారు కుళాయి కట్టేశారు.

"అంతేలే" అన్నారు. "కొత్తచోట సర్దుకోవడానికి ఎవరికైనా నాలుగు రోజులు పడుతుంది."

నన్ను హైమ చేతికిచ్చారు. హైమ స్టూలెక్కి, నన్ను అలమర పైఅరలో, పొద్దుటెండ తగిలే చోట బోర్లించింది.